వెన్ను కొలవకుండా సంచి కొనకండి

సంక్రాంతి సెలవులకి పర్లాకిమిడి వచ్చిన మా అన్నయ్య కూతురు ఒక రాత్రి భోజనాలయ్యాక ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. తెర మీద నారింజ రంగు బ్యాక్‌ప్యాకు. 70 లీటర్లది. సగం ధరకే ఇస్తున్నారు, ఆఫరు రాత్రి పన్నెండింటికి అయిపోతుంది. "అత్తా, కొనేయనా?" అంది.

శివరాత్రికి స్నేహితులతో కలిసి మహేంద్రగిరి ఎక్కాలి. వేసవిలో హిమాలయాల్లో ఒక ట్రెక్కుకి వెళ్లాలి. ఆ తర్వాత తాళ్లు కట్టుకుని రాళ్లెక్కడం నేర్చుకోవాలి. ఈ మూడింటికీ ఒకే సంచి కావాలి కాబట్టి పెద్దదే కొనాలని తన లెక్క. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో మాత్రం అప్పటికప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఆఫరు అయిపోయింది. పిల్ల మొహం ముడుచుకుని పడుకుంది.

ఆ రాత్రి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. కొండలెక్కే సంచి కొనేటప్పుడు మొదట తెలియాల్సింది మన వెన్ను పొడవు. ఆ తర్వాత చూడాల్సింది తుంటి మీద కూర్చునే బెల్టు. లీటర్లు, బ్రాండు, జేబులు, రంగు, ఇవన్నీ ఈ రెండూ తేలాకే. చాలామంది, ఒకప్పుడు నేను కూడా, సరిగ్గా తలకిందులుగా కొంటాం.

దేవమాలి దిగుతుండగా

ఏడేళ్ల కిందట, నవంబరులో, మా స్కూలు టీచర్లం ఆరుగురం దేవమాలి వెళ్లాం. కోరాపుట్ జిల్లాలో ఉంది, 1,672 మీటర్లు, ఒడిశాలో అంతకన్నా ఎత్తు శిఖరం లేదు. పైదాకా బండ్లు వెళ్తున్నా, మేం కింద ఊళ్లో దిగి నడిచే ఎక్కుదామనుకున్నాం. దాని కోసమే బరంపురంలో ఒక దుకాణంలో 60 లీటర్ల సంచి కొన్నాను. సైజు ఏదని అడిగితే "ఫ్రీ సైజు మేడమ్, ఎవరికైనా సరిపోతుంది" అన్నాడు. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. ఖాళీ సంచి తగిలించుకుని అద్దంలో చూసుకున్నాను, బాగానే ఉందనిపించింది. ఖాళీ సంచి ఎవరి వీపు మీదైనా బాగానే ఉంటుందని అప్పుడు తెలియదు.

ఎక్కేటప్పుడు ఉత్సాహంలో ఏమీ తెలియలేదు. దిగేటప్పుడు మొదలైంది. నడుం బెల్టు నడుం దగ్గర లేదు, తుంటి కిందికి జారి తొడల మీద పడింది. అడుగు తీసిన ప్రతిసారీ సంచి అడుగు భాగం పిరుదులకి కొట్టుకునేది. బెల్టు పైకి లాగి బిగిస్తే భుజం పట్టీలు భుజాల మీద ఆనకుండా పైకి లేచేవి. పట్టీలు బిగిస్తే బెల్టు మళ్లీ కిందికి. రెండూ ఒకేసారి కుదిరే దారే లేదు, ఎందుకంటే ఆ సంచి వెన్ను నా వెన్నుకన్నా పొడుగు. గంట గడిచేసరికి పన్నెండు కిలోలూ భుజాల మీదికొచ్చాయి. కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. సగం దారిలో ఎడమ పట్టీ పైకుట్టు ఊడింది. చున్నీతో కట్టుకుని దిగాను.

తిమ్మిరి మర్నాటికి తగ్గలేదు. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేతిలోంచి జారిపోయేది. నాలుగో రోజు డాక్టరు దగ్గరికి వెళితే ఆయన అడిగిన మొదటి మాట "బరువేమైనా మోశారా?" అని. మెడ నుంచి చేతికి వెళ్లే నరాలు భుజం ముందు భాగం మీదుగా పోతాయట. పట్టీ గంటలకొద్దీ అక్కడ నొక్కితే చెయ్యి ఇలా మొద్దుబారుతుందట. మూడు వారాలకి సర్దుకుంది. కొందరికి నెలలు పడుతుందని కూడా ఆయనే చెప్పారు.

పిల్లల బడిసంచి విషయంలో మేం టీచర్లం ఎంత గట్టిగా మాట్లాడతామో గుర్తొచ్చింది. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం తెచ్చిన బడిసంచుల విధానం చెప్తుంది. తల్లిదండ్రుల సమావేశాల్లో ఆ మాట చెప్పేది నేనే. 54 కిలోల మనిషిని, నా బరువులో ఐదో వంతుకి పైనే, నాది కాని కొలత సంచిలో వేసుకుని కొండ దిగాను.

తుంటి ఎందుకు మొయ్యాలి

భుజం నిజానికి బరువు మొయ్యడానికి పెట్టిన చోటు కాదు. అక్కడ పడిన బరువు మెడ కండరాల్ని లాగుతూ, వెన్నుపూసల్ని ఒకదాని మీద ఒకటి నొక్కుతూ నడుం మీదుగా కాళ్లకి చేరాలి. అదే బరువు తుంటి ఎముక మీద పడితే నేరుగా కాళ్లకి దిగుతుంది. కాలి కండరాలు ఒంట్లో అన్నిటికన్నా పెద్దవి. అందుకే మంచి సంచిలో బరువు చాలావరకు బెల్టు మోస్తుంది, భుజం పట్టీలు సంచి వెనక్కి పడిపోకుండా పట్టుకుంటాయి. పట్టీ కింద వేలు సులువుగా దూరితే బరువు చేరాల్సిన చోటికి చేరినట్టు.

ఈ బెల్టు నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1952లో కాలిఫోర్నియాలో డిక్ కెల్టీ అనే ఆయన అల్యూమినియం గొట్టాల చట్రానికి సంచి కట్టి, నడుం బెల్టు పెట్టి అమ్మడం మొదలుపెట్టాడు. సంచులు ఆయన భార్య నీనా ఇంట్లోనే కుట్టేది. 1967లో గ్రెగ్ లోవ్ ఆ చట్రాన్ని సంచి లోపలికి తెచ్చాడు. ఇప్పుడు మనం కొనే సంచుల్లో వీపు వెనక ఉండే అల్యూమినియం పట్టీలో, గట్టి ప్లాస్టిక్ పలకో ఆ దారిలో వచ్చినవే. చట్రం లేకుండా బెల్టు ఒక్కటే ఉంటే ప్రయోజనం తక్కువ. బరువుని భుజం నుంచి తుంటికి దించే నిట్టాడు ఆ చట్రమే. దుకాణంలో సంచి పై అంచు పట్టుకుని కిందికి నొక్కి చూడండి. దిండులా ముడుచుకుపోతే పది కిలోలకి అది పనికిరాదు.

ఇక కొలత. తల ముందుకి వంచితే మెడ కింద ఒక ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది, పై కొస అక్కడ. నడుం మీద రెండు చేతులూ పెట్టి, బొటనవేళ్లు వెనక్కి తిప్పి తుంటి ఎముకల పై అంచుని తడమండి. రెండు బొటనవేళ్లనీ కలుపుతూ వీపు మీద గీత గీశామనుకుంటే కింది కొస అక్కడ. ఆ రెండు కొసల మధ్య దూరం వెన్ను ఒంపు వెంబడే టేపుతో కొలవాలి. ఎవరికి వాళ్లు కొలుచుకోలేరు, ఇంకొకరు కావాలి.

పిల్ల అలిగిన మర్నాడు పొద్దున్న బట్టలు కుట్టే టేపు తీసి ఇంటిల్లిపాదినీ కొలిచాను. మా అన్నయ్య ఐదడుగుల పదకొండు అంగుళాల మనిషి, వెన్ను 46 సెంటీమీటర్లు. పొడుగంతా కాళ్లలోనే ఉంది. మేనకోడలు ఐదడుగుల మూడంగుళాలు, వెన్ను 45. తండ్రీ కూతుళ్ల ఎత్తులో ఎనిమిది అంగుళాల తేడా ఉంటే వెన్నులో ఒక్క సెంటీమీటరు. నాది 40. అంటే నాకన్నా రెండంగుళాలే పొడుగున్న పిల్ల, వెన్ను దగ్గరికొచ్చేసరికి నాకన్నా ఐదు సెంటీమీటర్లు పొడుగు. నాకు సరిపోయిన సంచి తనకి సరిపోదు, తనకి సరిపోయింది మా అన్నయ్యకి సరిపోవచ్చు. ఎత్తు చూసి సంచి ఇచ్చేవాళ్లని నమ్మకూడదని ఆ టేపే చెప్పింది.

ఆడవాళ్ల కోసమని వేరే చేసే సంచుల మాట కూడా ఇక్కడే చెప్పాలి. వాటిలో వెన్ను పొట్టిగా, పట్టీల మధ్య ఎడం తక్కువగా, ఛాతీ పక్కనుంచి తిరిగేలా పట్టీలు వంపుగా, బెల్టు తుంటి వాలుకి తగ్గట్టు ఉంటాయి. నాకు అవి ప్రాణం లేచొచ్చినంత పని చేశాయి. అలాగని ప్రతి ఆడపిల్లా అవే కొనాలని లేదు. మేనకోడలికి మగవాళ్ల మీడియం కూడా కుదరొచ్చని ఆ కొలత చూశాక అనిపించింది. పొట్టి వెన్ను మగవాళ్లకి ఆడవాళ్ల సంచే హాయిగా ఉండొచ్చు. రంగు చూసి మొహమాటపడి, సరిపోని సంచి మోసేవాళ్లని చూశాను.

కావడి మోసే ఆయన

ఇదంతా చెప్తుంటే మా అన్నయ్య ఒక ప్రశ్న వేశాడు. "మన కొండల మీంచి సవరలు సంతకి ముప్పై కిలోలు దింపుతారు. వాళ్లకి ఏ బెల్టుంది? ఏ చట్రముంది? ఈ కొలతలన్నీ సంచులు అమ్ముకునేవాళ్ల మాటలు కావా?"

తీసిపారేసే ప్రశ్న కాదు. చాలా రోజులు నా మనసులో తిరిగింది. గజపతి జిల్లాలో సంత రోజు పొద్దున్నే రోడ్డు మీద నిలబడితే కనిపిస్తుంది. చింతపండు, పసుపు, కొండ చీపుర్లు కావళ్లలో వేసుకుని పరుగులాంటి నడకతో దిగుతుంటారు. ఒకసారి చెట్టు కింద కావడి దించి చుట్ట వెలిగించుకుంటున్న పెద్దాయనతో మాట కలిపాను. ఎత్తి చూడొచ్చా అని అడిగితే నవ్వి సరేనన్నాడు. ఎత్తగలిగాను గానీ పదడుగులు వెయ్యలేకపోయాను. బద్ద కొసలు ఊగి తాళ్లు మోకాళ్లకి కొట్టుకున్నాయి. ఆయన తెలుగూ ఒడియా కలిపి చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తు. "ఇది నా కొలతకి చేసుకున్నదమ్మా. మా తమ్ముడిది ఇంతకన్నా పొట్టి. వాడు దీన్ని మొయ్యలేడు, నేను వాడిది మొయ్యలేను."

తాడు పొడవు ఆయన అడుగుని బట్టి, వెదురు వంగడం ఆయన నడకని బట్టి కుదుర్చుకున్నాడు. ఏ దుకాణమూ ఆయనకి ఫ్రీ సైజు అమ్మలేదు. మా అన్నయ్య ప్రశ్నకి జవాబు అక్కడ దొరికిందనుకున్నాను.

అయినా పూర్తిగా దొరికిందని చెప్పలేను. నేపాల్‌లో బరువులు మోసేవాళ్లు బుట్టకి కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకుని నడుస్తారు. 2005లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, వాళ్లు బరువు మొయ్యడానికి ఖర్చు పెట్టే శక్తి బ్యాక్‌ప్యాకులు తగిలించుకున్న పాశ్చాత్యులకన్నా తక్కువ. అంటే మన ఖరీదైన బెల్టూ చట్రమూ మోతకి ఉన్న ఒకే మంచి దారి కాదు. చిన్నప్పటి నుంచీ మోసిన ఒంటికి వేరే దారులున్నాయి. కానీ ఏడాదికి రెండుసార్లు కొండెక్కే టీచరుకి, హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లకి ఆ ఒళ్లు లేదు. ఆ పెద్దాయన భుజం మీద చర్మం కాయలు కాసి నల్లగా గట్టిపడి ఉంది. ఆ భుజం ఊరికే రాలేదు, దాన్ని చూసి మనకీ బెల్టు అక్కర్లేదనుకోవడం తప్పు.

లీటర్లు వేరు, కిలోలు వేరు

ఐదు లీటర్ల మరమరాలు అరచేత్తో ఎత్తొచ్చు. ఐదు లీటర్ల నీళ్లు ఐదు కిలోలు. సంచి ఎన్ని లీటర్లో చూసి కొనేవాళ్లు మరిచిపోయేది ఇదే. రాత్రి బస చేసే నడకకి మోసే బరువు మన బరువులో ఐదో వంతు దాటకూడదని, ఒక్కరోజు నడకకి పదో వంతు చాలని నడిచేవాళ్లలో ఒక లెక్క ఉంది. యాభై కిలోల పిల్లకి పది కిలోలు. అందులో 70 లీటర్ల సంచి ఖాళీగానే రెండు కిలోలకి అటూ ఇటూ ఉంటుంది. సామాను పెట్టకముందే ఆ పది కిలోల్లో ఐదో వంతు అయిపోయింది.

పైగా చోటుంటే చెయ్యి ఊరుకోదు. ఇంకో దుప్పటి, ఇంకో జత బట్టలు, స్నేహితురాలి బిస్కెట్ పెట్టెలు, ఎవరో తెచ్చిన స్పీకరు, అన్నీ పెద్ద సంచి ఉన్నవాళ్ల వీపు మీదికే వస్తాయి. సగం ఖాళీగా తీసుకెళ్తే ఇంకో బాధ. సామాను అడుక్కి జారి, అడుగడుక్కీ ఊగుతూ, మనిషిని వెనక్కి లాగుతుంది.

మహేంద్రగిరి 1,501 మీటర్లు. శివరాత్రి జాగారానికి వెళ్లేవాళ్లకి చలి ఉంటుంది గానీ మంచు ఉండదు. స్వెట్టరు, దుప్పటి, మూడు లీటర్ల నీళ్లు, అటుకులు, పులిహోర, టార్చి, ఒక బరకం ముక్క. ముప్పై నుంచి ముప్పై అయిదు లీటర్లు చాలు. గుడారాలూ వంట సామానూ గుర్రాల మీదో మనుషుల మీదో వెళ్లే హిమాలయ ట్రెక్కులకి నలభై అయిదు, యాభై. గుడారం, స్టవ్వు, వారం రోజుల తిండి అన్నీ సొంతంగా మోసుకునేవాళ్లకి 65, 70 న్యాయమైన కొలతే. వాళ్ల జోలికి నేను పోవడం లేదు. మా పిల్ల మాత్రం ఇంకా ఆ మనిషి కాలేదు.

సరిగ్గా సర్దితే సంచి సగం బరువు తగ్గినట్టుంటుంది. బరువైనవి వీపుకి ఆనుకుని, భుజపు రెక్కల మధ్య ఎత్తులో ఉండాలి. మెత్తగా తేలిగ్గా ఉండేవి అడుగున, వానకోటు అన్నిటికన్నా పైన. బయట వేలాడదీసినవన్నీ మన కొండల్లో లాంటానా పొదలకి చిక్కుకుంటాయి.

వాన గురించి ఒక్క మాట. సంచి మీద తొడిగే కవరు గాలికి ఎగిరిపోతుంది, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతూనే ఉంటాయి. లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి పరిచి, అందులో సామాను పెట్టి మూతి మెలితిప్పితే దానికన్నా నమ్మకం. ఖర్చూ తక్కువ.

మన్నిక అంటే ఏమిటి

చిరగకుండా ఉండటమే మన్నిక అనుకునేదాన్ని. చిరిగితే కుట్టించుకోగలగడం మన్నిక అని ఇప్పుడు అనుకుంటున్నాను.

దేవమాలి నుంచి తెచ్చిన సంచిని బజారులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన దాన్ని ముందు లోపలి వైపు తిరగేశాడు. "గుడ్డ బాగానే ఉందమ్మా. కుట్టే లేదు" అన్నాడు. పన్నెండు కిలోలు వేలాడే చోట ఒకే ఒక వరస కుట్టు ఉంది. పట్టీని లోపలికి ఇంకో రెండంగుళాలు మడిచి, తోలు ముక్క అడ్డం పెట్టి, లావు నైలాన్ దారంతో పెట్టె ఆకారంలో నాలుగు పక్కలా, మధ్యలో అడ్డంగా కుట్టాడు. ఏడేళ్లయింది. ఆ పట్టీ ఇప్పటికీ ఊడలేదు.

అప్పటి నుంచి ఏ సంచైనా తిరగేసి చూస్తాను. పట్టీ సంచికి కలిసే చోట దగ్గర దగ్గరగా, జిగ్‌జాగ్‌గా, చిన్న గట్టి కడ్డీలా కుట్టు ఉండాలి. లోపలి అంచులు పోగులు లేవకుండా గుడ్డపట్టీతో కప్పి ఉండాలి. జిప్పు రన్నరు ఒక చేత్తో, మలుపు దగ్గర కూడా ఆగకుండా నడవాలి. జిప్పుల్లో మొదట అరిగేది పళ్లు కాదు, రన్నరు. పళ్లు కరుచుకోకపోతే రన్నరు అంచుల్ని పటకారుతో కొంచెం నొక్కితే మరికొన్నాళ్లు నడుస్తుంది. బకిల్ విరిగితే మాత్రం కొండ మీద ఏ పటకారూ పనిచెయ్యదు, అందుకే ఒకటి అదనంగా దగ్గరుంచుకోవాలి.

గుడ్డ విషయంలో అందరూ డెనియర్ అంకె చెప్తారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో పెరిగినవాళ్లకి ఇది కొత్త మాట కాదు, పట్టు పోగు లావు చెప్పేదీ దీంతోనే. కానీ అంకె ఒక్కటే చూసి మోసపోవద్దు. ఒకే డెనియర్ ఉన్న నైలాన్ పాలిస్టర్‌కన్నా గట్టిది, రాపిడికి ఎక్కువ ఓరుస్తుంది. ఎండకి పాలిస్టర్ నయం. అడుగు భాగం లావు గుడ్డా, పక్కలు పల్చని గుడ్డా ఉంటే తెలివిగా కుట్టిన సంచి. మొత్తం లావు గుడ్డే అయితే మోత పెరుగుతుంది. ఇప్పుడు కిలోలోపు తూగే సంచులు కూడా వస్తున్నాయి. వాటి మీద ఆశ నాకూ ఉంది. కానీ చాలావాటిలో గుడ్డ మరీ పల్చన. మన వెదురు తుప్పల మధ్య వాటిని ఎన్నాళ్లు కాపాడుకోగలనన్న అనుమానం వదలడం లేదు.

నా రెండో సంచి చిరగలేదు, విరగలేదు. రెండు వర్షాకాలాలు అటక మీద ఉండి పాడైంది. తీసి చూస్తే లోపల జిగురు, ఒక పాడు వాసన, తెల్లని పొట్టు. నీళ్లు దిగకుండా గుడ్డకి లోపలివైపు పూసే పాలియూరితేన్ పూత తేమకి అలా కరిగి ఊడిపోతుందట. సముద్రం గాలి తగిలే బరంపురంలో అయినా, వానలు విడవని కోరాపుట్‌లో అయినా ఇది మన అందరి సమస్య. వచ్చిన రోజే తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, గాలాడే చోట మేకుకి తగిలించాలి. మిషన్‌లో ఉతక్కూడదు. మంచి ధర పెట్టి కొన్న సంచిని దారిలో ఏ రాయీ పాడు చెయ్యలేదు, మా ఇంటి అటకే పాడు చేసింది. ఆ బాధ ఇంకా పోలేదు.

తాడు పట్టి ఎక్కేవాళ్లకి

మూడు పనులకీ ఒకే సంచి అన్న మేనకోడలి లెక్క ఇక్కడే తెగిపోతుంది. స్కూలు పిల్లలతో ఒకసారి రెండు రోజుల రాక్ క్లైంబింగ్ శిబిరానికి వెళ్లాను. శిక్షకుడు చేసిన మొదటి పని నా సంచి నడుం బెల్టు విప్పించడం. తాడు కట్టే హార్నెస్ కూర్చునేది సరిగ్గా అక్కడే. కొక్కేలూ, రన్నర్లనే పట్టీలూ వేలాడేదీ అక్కడే. లావుగా మెత్తలు పెట్టిన బెల్టు వాటి మీద పడితే చెయ్యి అందదు. ఇన్ని మాటలు బెల్టు గురించి చెప్పిన నేనే, ఎక్కే సంచికి బెల్టు ఊడదీసుకునేలా ఉండాలని చెప్పాల్సి వస్తోంది.

ఎక్కే సంచి ఇంకా చాలా విషయాల్లో వేరు. సన్నగా, పొడుగ్గా, చేతులు పైకెత్తినా మోచేతులకి తగలకుండా ఉండాలి. హెల్మెట్ పెట్టుకుని తలెత్తి పైకి చూసినప్పుడు వెనక సంచి మూత అడ్డు తగలకూడదు. బయట జేబులూ, వల సంచులూ లేకుండా నున్నగా ఉండాలి, ఎందుకంటే కొన్నిచోట్ల సంచిని విడిగా తాడుతో పైకి లాగుతారు. అందుకోసం మెడ దగ్గరి లాగుడు పట్టీ చాలా గట్టిగా కుట్టి ఉండాలి.

వీపు వైపు వల బిగించి, వీపుకీ సంచికీ మధ్య గాలి ఆడేలా చేసే సంచుల దగ్గర కూడా ఇదే చిక్కు. మన ఉక్కపోతకి అవి నిజంగా హాయి. నా ఇప్పటి సంచి అలాంటిదే, మార్చను. కానీ ఆ ఖాళీ వల్ల బరువు వీపుకి దూరంగా జరిగి మనిషిని కొంచెం వెనక్కి లాగుతుంది. బాట మీద ఆ తేడా పెద్దగా తెలియదు. రాయి మీద ఒక కాలు ఆనించి నిలబడినప్పుడు తెలుస్తుంది. ఎక్కేవాళ్లకి వీపుకి అంటుకుని ఉండే సంచే కావాలి, చెమట పట్టినా సరే. అందుకే క్లైంబింగ్ నేర్చుకోవడం మొదలయ్యాక దానికి వేరే చిన్న సంచి కొనుక్కోమన్నాను. అది ఇప్పుడే అక్కర్లేదు.

బియ్యం సంచులతో దుకాణానికి

జనవరి చివర్లో ఒక ఆదివారం ఇద్దరం విశాఖపట్నం వెళ్లాం. పర్లాకిమిడి నుంచి దూరమే, ఒక సంచి కోసం అంత ప్రయాణమా అని వదిన అంది. తగిలించుకుని చూడకుండా కొనే ధైర్యం నాకు లేదు. ఆన్‌లైన్లో కొని తిరిగి పంపొచ్చు కదా అంటారు. పంపొచ్చు. కానీ ఇంటికొచ్చిన సంచితో మనం సర్దుకుపోతాం, పక్కన పోల్చుకోవడానికి ఇంకో రెండు ఉండవు కాబట్టి. తప్పనిసరై ఆన్‌లైన్లో కొనేవాళ్లు కనీసం వెన్ను సైజు రాసిన సంచినే, లేదా వెన్ను పొడవు మార్చుకునే వీలున్న సంచినే కొనండి. ధర అట్ట ఊడదీయక ముందే ఇంట్లో బరువేసి అరగంట తిరగండి.

నేను రెండు ఐదు కిలోల బియ్యం సంచులు దుప్పట్లో చుట్టి తీసుకెళ్లాను. వాటిని చూసి గుమ్మం దగ్గర గార్డు అడ్డుకున్నాడు. ఎందుకో చెప్పాక లోపలి అబ్బాయిని పిలిచాడు. ఆ అబ్బాయి ఓపిక మెచ్చుకోవాలి. అన్ని పట్టీలూ వదులు చేసి, ముందు బెల్టు తుంటి ఎముక అంచు మీద కూర్చోబెట్టి బిగించాడు. తర్వాత భుజం పట్టీలు, ఆ తర్వాత భుజం మీది నుంచి సంచి పైకొసకి వెళ్లే చిన్న పట్టీలు, చివర్లో ఛాతీ పట్టీ. ఈ వరస ఎక్కడా తప్పనివ్వలేదు.

నాలుగు సంచులు చూశాం. ఆడవాళ్ల చిన్న సైజు పొట్టిదైపోయింది, బెల్టు పొట్ట మీదికొచ్చింది. పిల్లకి బాగా నచ్చిన నీలం రంగుదాంట్లో భుజానికీ పట్టీకీ మధ్య రెండు వేళ్ల ఖాళీ. మూడోది బాగానే ఉందనిపించి, పది నిమిషాలు మెట్లెక్కి దిగేసరికి బెల్టు జారడం మొదలైంది. నాలుగోది బూడిద రంగు, 45 లీటర్లు, మగవాళ్ల మీడియం. పదినిమిషాలకి ఏమీ అనలేదు. ఇరవై నిమిషాలకి బాటిల్ కోసం చెయ్యి వెనక్కి పెట్టి, తీసి, తాగి, మళ్లీ పెట్టింది. "అత్తా, బియ్యం ఇంకా లోపలే ఉన్నాయా?" అని అడిగింది.

ధర మేం అనుకున్నదానికన్నా పద్దెనిమిది వందలు ఎక్కువైంది. పక్కన సగం ధరకి 60 లీటర్లది ఉంది. నేను కూడా ఒక నిమిషం ఆగాను. చదువుకునే పిల్లకి అది చిన్న మొత్తం కాదు. అంత పెట్టలేనివాళ్లు ఏం చెయ్యాలన్న ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. తెలిసినవాళ్ల దగ్గర తమ కొలత సంచి అరువు తెచ్చుకోవడం, లేదా ఒకరు వాడిన మంచి సంచి కొని చెప్పులు కుట్టే ఆయనతో బాగు చేయించుకోవడం, కొత్త చవక సంచికన్నా మేలని మాత్రం అనుకుంటున్నాను.

శివరాత్రి మర్నాటి మధ్యాహ్నం మహేంద్రగిరి దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది. నిద్రలేక కళ్లు ఎర్రగా ఉన్నాయి. భీముడి గుడి దగ్గర గాలి ఎంత చల్లగా ఉందో చెప్తూనే ఉంది. సంచి దించగానే నేను చూసింది భుజాలు. ఎర్రటి గీత లేదు. తుంటి ఎముకల మీద రెండు వైపులా కొంచెం కందింది, కొత్త బెల్టుకి అది మామూలే. కొబ్బరినూనె రాశాను. వాళ్ల గుంపులో ఒకమ్మాయికి కుడిచెయ్యి తిమ్మిరెక్కిందని తనే చెప్పింది. ఆ అమ్మాయి సంచి కొలత ఏమిటో కనుక్కోమన్నాను. "ఫ్రీ సైజు అత్తా" అంది.

ఆ అమ్మాయిని వచ్చే ఆదివారం టేపు కొలతకి తీసుకొస్తానంది. బూడిద రంగు సంచి ఇప్పుడు బరంపురంలో హాస్టలు గదిలో మేకుకి వేలాడుతోంది. వేసవి ట్రెక్కుకి ముందు ఛాతీ పట్టీకి ఒక బకిల్, బెల్టుకి ఒక బకిల్ అదనంగా కొనిపెట్టుకోమన్నాను. కొన్నానని నిన్న రాత్రి ఫోటో పంపింది.